మామ ఉప్పు బోరు, నా హాల్లో సముద్రం

పన్ను నొప్పికని డాక్టరు దగ్గరికి వెళ్లి సముద్రాన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చిన మనిషిని కడప మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయివుంటాను. మా వీధి చివరి పళ్ల డాక్టరు బెంగళూరుకు మకాం మారుస్తూ, క్లినిక్కులో పెట్టుకున్న ఉప్పునీళ్ల చేపల తొట్టిని ఎవరికి అంటగట్టాలా అని చూస్తున్నాడు. నా నోట్లో దూది కుక్కి, "మేడమ్, మీరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు కదా, దీన్ని మీరు తప్ప ఇంకెవరూ చూసుకోలేరు" అన్నాడు. నోరు నిండా దూది ఉన్న మనిషి కాదని ఎలా చెప్తుంది? పైగా పొగడ్త. సాయంత్రానికి నలుగురు మనుషులు తొట్టిని మోసుకొచ్చి మా హాల్లో, టీవీ ఉండాల్సిన చోట దించారు. మా ఆయన టీవీని చంకలో పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి పడగ్గదిలో బీరువా మీద పెట్టుకున్నాడు.

తొట్టిలో రెండు నారింజరంగు చేపలు, వాటి ఒంటి మీద తెల్ల పట్టీలు. రాళ్ల మీద పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేవాళ్లకు, ఇవి బతికున్న జీవాలనీ, పూలలా విచ్చుకుంటాయనీ, కోపమొస్తే ముడుచుకుంటాయనీ చెప్పి చెప్పి నా దవడలు నొప్పి పుట్టాయి. ఎంత చెప్పినా వచ్చిన ప్రతి చుట్టమూ ఆ చేపల వైపు చూసి అడిగేది ఒక్కటే. "పులుసా, వేపుడా?"

డాక్టరు చెప్పకుండా దాచిన సంగతి ఏమిటంటే, ఆ పగడాలకు మంచి నీళ్లు అక్కర్లేదు, మారని నీళ్లు కావాలి. ఉప్పు నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉండాలి. క్యాల్షియం అంతే, వేడి అంతే. అన్నిటికన్నా మొండిది ఆల్కలినిటీ, అంటే నీళ్ల క్షారగుణం. అది కాస్త అటూ ఇటూ అయిందా, పగడాలు ముఖం మాడ్చుకుని కూర్చుంటాయి. దాన్ని కొలవడానికి చిన్న గాజు సీసాలో తొట్టి నీళ్లు పట్టి, మందు ఒక్కొక్క చుక్కే వేస్తూ నీలం రంగు పసుపుకు తిరిగేదాకా లెక్కపెట్టాలి. రోజంతా పిల్లల చేత టైట్రేషన్లు చేయించి ఇంటికొచ్చి నేను మళ్లీ టైట్రేషన్ చేసుకునేదాన్ని. మా ఆయన రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే మనిషి. "జీతమిచ్చే చోట చేసేది చాలదా నీకు?" అని అడిగేవాడు. ఆయనకు నేను జవాబివ్వడం మానేసి చాలా కాలమైంది.

నీళ్ల తయారీ ఇంకో భాగోతం. మా కుళాయి నీళ్ల నిండా సున్నం. వాటిని మిషన్లో పోసి ఉన్న లవణాలన్నీ తీసేయాలి. ఒక బకెట్ శుద్ధమైన నీళ్లు వస్తే మిగతావి పనికిరాని నీళ్లుగా బయటికి పోతాయి. పోతాయని నోటితో అనడమే గానీ, కడపలో నీళ్లు పారబోసి బతికి బట్టగట్టగలమా? గిన్నెలు, బకెట్లు, పాత కుక్కరు, ఏది దొరికితే దాంట్లో పట్టి గుడ్డలకూ అంట్లకూ వాడేవాళ్లం. ఇంట్లో అడుగుపెడితే బకెట్లో కాలు పడేది. అంత కష్టపడి లవణాలు తీసేసిన నీళ్లలో ఏం కలపాలి? సముద్రపు ఉప్పు. కొని తెచ్చి మరీ కలపాలి.

ఈ వైభవాన్ని మా మామ మొదటిసారి చూసింది ఎండాకాలం మొదట్లో. మామ అంటే మా ఆయన తండ్రి. కమలాపురం దగ్గర పల్లెలో ఉంటాడు, కొంచెం భూమి, ఒక బోరు, ఊళ్లో పాత చర్చి ఒకటి, అందులో ఈయన పెద్ద. పగడాల్ని గానీ చేపల్ని గానీ ఆయన చూడలేదు. మిషన్ దగ్గర కూర్చుని జరుగుతున్నదంతా చూసి, "ముందు ఉప్పు తీసేది, మళ్ల ఉప్పేసేది. ఏందమ్మా ఈ పని? చదువు శానా ఎక్కువైతే ఇట్లనే ఉంటాదా?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇవి సముద్రపు జీవాలు మామా. ఉప్పు నీళ్లు లేకపోతే చచ్చిపోతాయి" అన్నాను.

మామ నావైపు చూశాడు, తొట్టివైపు చూశాడు. "ఉప్పు నీళ్లే కావల్లనేవి కూడా ఉండాయా లోకంలో?" అన్నాడు మెల్లగా.

ఆయన ఆ మాట ఎందుకలా అన్నాడో నాకు తెలుసు. ఆయన బోరు కొన్నేళ్లుగా ఉప్పు తిరిగింది. నీళ్లకు కొరత లేదు, మోటారు వేస్తే బుస్సుమని పొంగుతాయి, నోట్లో పెట్టుకుంటే మాత్రం ఉమ్మేయాలి. ఆ నీళ్లతోనే పంట పెట్టాడు, పంట మాడింది. ఏడాదికి ఏడాది మాడుతూ వచ్చింది. అదొక బాధైతే, చర్చిలో కోత పండగ ఇంకో బాధ. చలికాలంలో ఆ పండగనాడు ఎవరి చేలో పండింది వాళ్లు దేవుడి ముందు పెట్టాలి. వేరుశనగ, గుమ్మడికాయ, కోడి, ఏదైనా సరే, దాన్ని వేలం వేసి వచ్చింది చర్చికి జమ చేస్తారు. పోయిన పండగకు మామ దగ్గర పెట్టడానికి ఏమీ లేక, కడప మార్కెట్లో ఒక గుమ్మడికాయ కొనుక్కుపోయి పెట్టాడు. వేలం పాడేవాడు ఊరికే మాటవరసకు "ఏ చేను కాపన్నా ఇది?" అని అడిగాడు. చర్చిలో అబద్ధమాడలేక మామ "మార్కెట్టుది" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడట. ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం ముట్టలేదని అత్తమ్మ నాకు ఫోన్లో చెప్పింది. ఈసారి తన చేతి పంట ఏదో ఒకటి పెట్టకపోతే ఇక ఆ గడప తొక్కనని ఆవిడ దగ్గర అన్నాడట.

ఉప్పు నీళ్లు కావాలనే జీవాలున్నాయని తెలిసిన మర్నాడే మామ చెప్పాపెట్టకుండా ఊరికి పోయాడు. తిరిగి వచ్చింది ఆటోలో. ఆయన ఒళ్లో ఒక డబ్బా, కాళ్ల సందున ఒక డబ్బా, వెనక ఇంకా నాలుగు. ఆటోవాడు దించుతూ, "ఏం మేడమ్, ఈ నీళ్లేదో పగడాలకు మందంట కదా, నాకూ ఒక సీసా ఇస్తారా?" అన్నాడు. దారి పొడవునా మామ ఏం ప్రచారం చేశాడో నాకు అర్థమైంది.

"ఉప్పు కొని యాల కలుపుతాండావమ్మా? మన బోరు నీళ్లు ఉండాయి గదా, ఎన్ని కావల్లంటే అన్ని. ఈ చేపలు మన నీళ్లతో పెరిగినాయంటే, అది నా పంటే గదా? కోత పండక్కు ఒకటి పట్టుకపోతా" అన్నాడు మామ, చెమట తుడుచుకుంటూ. ఆయన ముఖం వెలిగిపోతోంది.

నేను ఆ నీళ్లు పరీక్ష చేశాను. సముద్రానికీ వాటికీ పోలికే లేదు. ఉండాల్సిన ఉప్పు చాలదు, ఉండకూడని సున్నం అంతా ఉంది, పైగా చేలల్లో చల్లిన ఎరువంతా దిగి ఉంది. చుక్కలు వేసీ వేసీ నా వేళ్లు నొప్పి పుట్టాయి గానీ నీలం రంగు పసుపుకు తిరగలేదు. "వద్దు మామా, ఈ నీళ్లు పోస్తే ఒక్కటీ బతకదు" అన్నాను. ఇంకొంచెం మెత్తగా చెప్పుంటే ఏమయ్యేదో, నా నోటికి మెత్తదనం తెలియదు. మామ డబ్బాలన్నీ వరండాలో వరసగా పెట్టి, వాటి పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు. పారబోయమంటే వినలేదు.

తరవాత కర్నూలులో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి వచ్చింది. తొట్టిలో నీళ్లు ఎండకు ఆవిరై రోజూ తగ్గుతాయి, తగ్గినంత శుద్ధమైన నీళ్లు పోయమని మా ఆయనకు ఒకటికి పది సార్లు చెప్పి వెళ్లాను. ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపాడంటే వినలేదని అర్థం. నేను బస్సెక్కగానే ఆ పనిని ఆయన తండ్రికి అప్పజెప్పాడు.

పెళ్లి భోజనాలు ముగించుకుని తిరిగొచ్చి హాల్లో అడుగు పెట్టానో లేదో, కాలు నీళ్లలో పడింది. తొట్టి అంచుదాకా నిండి గచ్చు మీదికి కారుతోంది. పగడాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి, ఒకటి పాలిపోయి తెల్లబడింది. రెండు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. వరండాలో ఒక్కటి తప్ప డబ్బాలన్నీ ఖాళీ.

"మామా, ఏం పోసినారు దీంట్లో?"

"మన నీళ్లేనమ్మా" అన్నాడు మామ నవ్వుతూ. "తగ్గింది ఉప్పు నీళ్లు గదా. ఉప్పు నీళ్లు తగ్గితే ఉప్పు నీళ్లే పొయ్యల్ల. నువ్వు చెప్పినావని నా కొడుకు తీపి నీళ్లు పొయ్యమన్నాడు, నేనే వినలేదు. కడుపు నిండా పోసినా, సూడు ఎంత నిండుగా ఉండాదో."

నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు మేడ మీదికొచ్చి తొంగి చూశారు. మా ఆయన "ఆఫీసులో పనుంది" అని చెప్పులేసుకున్నాడు. ఆదివారం. ఆ సంగతి నేను గుర్తుచేయడంతో చెప్పులు విప్పి, వంటింట్లోకి పోయి, అడక్కుండానే కాఫీ పెట్టడం మొదలుపెట్టాడు.

మామకు మాత్రం తన తప్పేమిటో నిజంగానే అర్థం కాలేదు. "ఉప్పు నీళ్లు పోయి ఉప్పు నీళ్లే గదమ్మా వచ్చినాయి?" అన్నాడు మళ్లీ. నాకు ఒళ్లు మండిపోయింది. చేయి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయాను. మా వాకిలంతా నల్లటి కడప బండలు. మిట్టమధ్యాహ్నం, కాలు పెడితే బొబ్బలెక్కేంత కాలుతున్నాయి. ఆ మిగిలిన డబ్బాలోంచి బోరు నీళ్లు చెంబుతో తీసి ఒక బండ మీద పోశాను. ఇద్దరం నీడన నిలబడి చూశాం. చూస్తూండగానే నీళ్లు ఆవిరైపోయాయి. బండ మీద తెల్లటి మరక మిగిలింది. ఇంకో చెంబు పోశాను, ఇంకాస్త తెల్లబడింది.

"పోయేది నీళ్లే మామా. ఉప్పు పోదు, సున్నం పోదు. అవి ఆడ్నే ఉంటాయి. మీరు పోసినకొద్దీ అవి పెరుగుతాంటాయి. అందుకే తగ్గినప్పుడు ఉత్త నీళ్లు పొయ్యల్ల. ఇప్పుడన్నా అర్థమైందా?"

మామ వంగి ఆ తెల్లదనాన్ని వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు. నా కోపం ఇంకా తగ్గలేదు, ఇంకో నాలుగు మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

"మన చేన్లోనూ ఇట్లనే అయిందమ్మా" అన్నాడు. "మొదట గట్ల మీద తెల్లగయింది. భూమి లోపల్నించి ఉప్పు ఉబుకుతాండాదేమో అనుకుంటి. నీళ్లు బాగా పెడితే కడుక్కోని పోతాదని, తెల్లగయ్యే కొద్దీ ఇంగా పెడితి. ఎండాకాలం కూడా నిలిపితి." కాస్త ఆగి, "అంటే ఆ చేనికి ఉప్పేసింది నేనేనా?" అన్నాడు.

సిద్ధంగా ఉన్న నాలుగు మాటలూ ఎక్కడికి పోయాయో. కాదని చెబుదామంటే, కాలేజీలో నేను చెప్పేది కెమిస్ట్రీ. నాకు ఏడుపొచ్చింది. కోపంలో ఉన్నప్పుడు ఏడుపొస్తే నాకు ఇంకా కోపమొస్తుంది. "లోపలికి రండి మామా, ఎండ" అన్నాను, అంతే.

తొట్టిని బాగుచేయడం ఒక్కరోజు పని కాదు. చెడ్డ నీళ్లు ఒక్కసారిగా మారిస్తే ఆ మార్పుకే చచ్చిపోతాయి. రోజుకు కొంచెం కొంచెంగా తీసి, కొంచెం కొంచెంగా పోయాలి. మామకు ఇది అస్సలు గిట్టలేదు. "విషమని తెలిసినాక నిదానంగా తీసేదేందమ్మా? మొత్తం బోర్లించు" అని నా వెంటపడేవాడు. తరవాత ఆయనే కాపలాదారుడయ్యాడు. నేను చుక్కలు వేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని, నీలం పసుపుకు తిరగ్గానే "స్తోత్రం!" అని కేక పెట్టేవాడు. ఒకసారి ఆ కేకకు చేతిలోని సీసా జారి పగిలింది. భోజనానికి ముందు చేసే ప్రార్థనలో మా అందరి పేర్ల తరవాత పగడాల్ని కూడా చేర్చాడు. వాటికి పేర్లు లేవు కాబట్టి "ఆ ఎడమపక్క బండ మీది ఆకుపచ్చది, దాని కిందిది" అని దేవుడికి గుర్తులు చెప్పేవాడు. అన్నం చల్లారిపోయేది. తెల్లబడిన పగడం దక్కలేదు. మిగిలినవి ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

ఈ గోలంతా అయ్యాక కూడా ఒక డబ్బా బోరు నీళ్లు వరండాలో అలాగే ఉన్నాయి. మామ పారబోయడు, నన్ను పారబోయనివ్వడు, దాని వైపు చూడనూ చూడడు. దాన్ని దాటుకుంటూనే నేను రోజూ కాలేజీకి పోయేదాన్ని. ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ రంగుచేపలమ్మే కొట్టు ముందు ఆగాను. అక్కడ నల్ల మోలీలని వేలెడంత చేపలుంటాయి, మామూలు చెరువు చేపల్లాంటివే. వాటికి ఒక గుణముంది. మెత్తటి నీళ్లలో జబ్బున పడతాయి, సున్నం ఉండి కాస్త ఉప్పగా ఉన్న నీళ్లయితే ఎగిరి గంతేస్తాయి. బోరు నీళ్లలోకి దిగిన ఎరువును మాత్రం మిషన్ నీళ్లు సగం కలిపి తగ్గించాను. మేడ మీది సిమెంటు తొట్టిలో పోసి మోలీల్ని వదిలి, మామను పిలిచాను.

ఆయన నమ్మలేదు. దినదినం పొద్దున్నే మేడెక్కి, చచ్చాయా అని చూసి దిగొచ్చేవాడు. "ఇంగా ఉండాయి" అనేవాడు, ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టు. ఒక పొద్దున మేడ మీంచి ఒక్కటే పెద్దకేక. నేనూ మా ఆయనా పడుతూ లేస్తూ పైకి ఉరికాం. మామ తొట్టి అంచు పట్టుకుని నోరు వెళ్లబెట్టాడు. "గుడ్లు పెట్టలేదప్పా! పిల్లల్నే పెట్టినాది! చేప పిల్లల్ని కనేదేంది, బర్రె మాదిరి?" మోలీలు అంతే, పిల్లల్నే కంటాయి. తల్లి తినేయకుండా పిల్లల్ని వేరే గిన్నెలోకి తీయాలని నేను చెప్పడంతో, ఆయన టీ వడకట్టే జల్లెడ పట్టుకుని మధ్యాహ్నందాకా ఎండలో మంత్రసాని పని చేశాడు. మాకు ఆ జల్లెడ మళ్లీ దొరకలేదు.

వానలు పడే నాటికి వాటిని ఊరికి తీసుకుపోయి, బోరు దగ్గర ఖాళీగా పడున్న తొట్టిలో వేసుకున్నాడు. వాన నీళ్లు సగం, బోరు నీళ్లు సగం, తగ్గితే మాత్రం వాన నీళ్లే పొయ్యాలని అత్తమ్మకు పాఠం చెబుతుంటే ఫోన్లో విన్నాను. నా క్లాసులో ఏ పిల్లాడూ అంత బాగా అప్పజెప్పలేదు.

చలికాలంలో కోత పండగకు మేమూ వెళ్లాం. చర్చి ముందు పందిట్లో వేరుశనగ బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. మామ తెల్ల పంచె కట్టుకుని, బేకరీలో బిస్కెట్లు పోసే పెద్ద గాజు సీసాను రెండు చేతులా పట్టుకుని నడిచొచ్చి, దాన్ని గుమ్మడికాయల మధ్యన పెట్టాడు. లోపల నల్ల మోలీలు గిరగిరా తిరుగుతున్నాయి. ఒక కోడి మెడ సాచి లోపలికి చూసింది.

చర్చి పాస్టరు అయ్యగారు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఇది పంటేనా?" అన్నాడు.

"నా బోరు కింద పండినాయయ్యా" అన్నాడు మామ. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏం చేయాలో నేను ముందే ఆలోచించుకుని వచ్చాను, ఆ అవసరం రాలేదు.

వేలం మొదలైంది. కోళ్లు చప్పున పోయాయి. సీసా దగ్గరికొచ్చేసరికి పిల్లలందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఎవరి పిల్లలు వాళ్ల తండ్రుల చొక్కాలు పట్టి లాగుతున్నారు. పాట మీద పాట పెరిగింది. చివరికి మామ పక్క చేను ఆయన పాడుకున్నాడు. ఆయనది తీపి నీళ్ల బోరు. ఎండాకాలంలో ఊరంతా ఆయన గట్టు మీదే బిందెలతో వరసకడుతుంది, మా అత్తమ్మతో సహా.

మర్నాడు పొద్దున మేము కడపకు బయల్దేరబోతున్నాం. ఆ పక్క చేను ఆయన ఖాళీ ప్లాస్టిక్ బిందె పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు.

"అన్నా, ఆ చేపలు మా నీళ్లలో ఎట్లో ఉండాయి. పిల్లోల్లు ఏడుస్తాండారు. నీ బోరు నీళ్లు ఒక బిందె పట్టుకోనా?"

అత్తమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. "ఒక బిందె ఏంటికప్పా, ఎన్ని కావల్లంటే అన్ని పట్టుకో!" అంటూ మామ చెప్పులు కూడా వేసుకోకుండా చేను వైపు ఉరికాడు. తీరా పోతే కరెంటు లేదు. పక్క చేను ఆయన మళ్లీ వస్తానంటే మామ వదల్లేదు. "కూచోప్పా, వస్తాది, ఇప్పుడొస్తాది" అని గట్టు మీద కూర్చోబెట్టి, మా చేత కాఫీ తెప్పించి, టిఫిను తెప్పించాడు. మా బస్సు పోయింది. కరెంటు మధ్యాహ్నానికి గానీ రాలేదు. మోటారు వేసి, బిందెను తనే తోమి, తనే నిండా పట్టాడు. పక్క చేను ఆయన చేయి చాపితే ఇవ్వకుండా, ఆ బిందెను భుజాన పెట్టుకుని వాళ్లింటిదాకా మామే మోసుకెళ్లాడు.